సాంచెల గొంతు

నా వీడ్కోలు సభలో ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ ఒకటే మాట అన్నారు. రాజేశం సార్ సౌమ్యుడు, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన గొంతెత్తగా విన్నవాళ్ళు లేరు, అని. శాలువా కప్పారు. అది ఎడమ భుజం మీది నుంచి జారిపోతుంటే చేత్తో పట్టుకుని కూర్చున్నాను. మెచ్చుకుంటూ అన్న మాటే, కానీ నాకు కష్టం కలిగింది. నేను సౌమ్యుణ్ణి కాదు. నా గొంతు తగ్గించారు. ఎవరు తగ్గించారో, ఏ గదిలో తగ్గించారో, ఆ వేళ కిటికీలోంచి పడిన ఎండ ఏ బల్లదాకా వచ్చిందో ఇప్పటికీ చెప్పగలను.

నేను ఫిట్టర్ పని నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేశాను. జగిత్యాలలో చేరి, నడివయసు కోరుట్లలో గడిపి, సొంత ఊరు సిరిసిల్లలో రిటైరయ్యాను. నేను పనిచేసిన శిక్షణ కేంద్రాల పేర్లు రాయను. ఈ పనిలో కొత్తగా చేరిన ఇద్దరు ముగ్గురు అడిగారని ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. అవి ఆలస్యంగా వచ్చాయి, అంతకంటే చెప్పేదేం లేదు. పనికి వచ్చే పిల్లలకు తమ మీద నమ్మకం ఎక్కడ పోతుంది, మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది అన్నది మాత్రం నాకు కొంత తెలుసు. పోగొట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి తెలుసు.

చప్పుడులో పుట్టినవాళ్ళు

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. మా గల్లీలో ఇంటి గోడకూ సాంచెల షెడ్డు గోడకూ మధ్య మనిషి పట్టేంత సందు కూడా ఉండేది కాదు. ఆ చప్పుడు మాకు చప్పుడుగా తెలియదు. మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటే అది ఎక్కడో పడుతున్న వానలాగా ఉండేది. ఆ వానలో నిద్రపోయేవాళ్ళం. కరెంటు పోయి సాంచెలు ఆగితే పిల్లలందరం ఒక్కసారే లేచి కూర్చునేవాళ్ళం. నిశ్శబ్దానికి భయపడి చిన్నవాళ్ళు ఏడ్చేవారు.

మా నాన్న వరసలోని సాంచెలన్నింటినీ ఒక్కడే చూసుకునేవాడు. వీపు అటు తిప్పి బీడీ వెలిగించుకుంటూనే, మూడో సాంచె మీద దారం తెగబోతోందని లేచేవాడు. ఎట్లా తెలిసిందని ఎవరూ అడగలేదు. గల్లీలో అందరికీ తెలుస్తుంది. అందరికీ వచ్చినదాన్ని విద్య అనరు కదా.

ఇంకొకటి కూడా మా అందరికీ వచ్చు. అరవడం. ఆ షెడ్లలో మూరెడు దూరంలో ఉన్న మనిషికి వినిపించాలన్నా రొమ్ము నిండా ఊపిరి తీసుకోవాలి. ఇంటికి వచ్చినా ఆ గొంతు తగ్గదు. మా మేనత్త పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు లోపల తగాదా జరుగుతోందనుకుని గడప దగ్గరే ఆగిపోయారట. లోపల మావాళ్ళు చాయ్‌లో చక్కెర ఎంత వేయాలో మాట్లాడుకుంటున్నారు.

జగిత్యాల: దిగిన చెయ్యి

మొదటిరోజు వర్క్‌షాపులోకి వెళ్ళి ఫోర్‌మన్‌కు గుడ్ మార్నింగ్ చెప్పాను. ఆయన రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. బల్లల దగ్గర ఇరవైమందిదాకా విద్యార్థులున్నారు.

"ఏం భై, నేను చెవిటోన్ననుకున్నవా? ఇది మీ సాంచెల కార్ఖానా గాదు. మనుషులతోని మాట్లాడుడు నేర్చుకో ముందుగాల."

పిల్లలు నవ్వారు. ఆయనకు అది చాలలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. నేను చెప్తుంటే అరచేతిని గాలిలో కిందికి దించుతూ పోయాడు. స్టవ్ మంట తగ్గించినట్టు.

"ఇంక తగ్గియ్. ఇంక. ఇంకింత. ఆఁ, గిట్ల."

చివరికి నా మాట నాకే వినపడలేదు. ఎండ అప్పుడు రెండో బల్ల మీదికి వచ్చింది.

మూడు వారాలు గడిచాయి. పెద్ద లేత్ తిరుగుతుంటే దాని మామూలు హోరు కింద పొడిగా, సన్నగా ఇంకో చప్పుడు వినిపించింది. బేరింగ్ పోతోంది. నాకు అనుమానం లేదు. ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన నేర్పిన గొంతుతోనే చెప్పాను. ఆయన కాగితం మీది నుంచి తల ఎత్తకుండా ఊపాడు. మూడోరోజు లేత్ పట్టేసి ఆగిపోయింది.

"దాని పక్కనే ఉంటవ్ గద, నీకెర్క లేదా?"

"చెప్పిన సార్."

"ఎప్పుడు చెప్పినవ్? ఎవలకు చెప్పినవ్?"

నాకు మెమో ఇచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించాను. ఇంట్లోవాళ్ళు పారేయమంటారు, నేను పారేయను.

ఆ మెమో మీద నా కోపం న్యాయమైనదే. కానీ దాన్ని పట్టుకుని కూర్చుని నేను చూడనిది ఒకటుంది. ఆ చెయ్యి నా గొంతుతో పాటు నా చెవినీ దించేసింది. అది నా విద్య అని నాకే తెలియకుండా పోయింది. విన్నది చెప్పలేనప్పుడు, కొన్నాళ్ళకు వినడమూ మానేస్తాం.

ఆ గదిలో నాకు దొరికిన మంచి కూడా రాయాలి. ఇనుప ముక్కను ఆకురాయితో చదును చేశాక దాని మీద మట్టం పెట్టి, రెండూ కలిపి కిటికీవైపు ఎత్తి చూస్తాం. చదునుగా లేకపోతే మధ్యలో వెంట్రుకంత వెలుతురు కనిపిస్తుంది. ఆ వెలుతురు పోయేదాకా ఆకురాయి పట్టాలి. రోజంతా అట్లా చూసీ చూసీ, కళ్ళు మూసుకున్నా ఆ గీత కనపడేది. ఇప్పుడు కూడా మధ్యాహ్నం కునుకులో అది వస్తుంది. నల్లటి ఇనుము, దాని మీద సన్నటి తెల్లదారం.

కోరుట్ల: అద్దం లేని పిల్లలు

కోరుట్లలో ఉండగా ఏటా ఒకాయనను పిలిపించేవారు. వ్యక్తిత్వ వికాసం మీద మాట్లాడేవాడు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి నేను గొప్పవాణ్ణి అని పదిసార్లు అనుకోవాలని చెప్పేవాడు. పిల్లలు బుద్ధిగా రాసుకునేవారు. ఒకసారి వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు.

"సార్, మా ఇంట్ల అద్దం గోరంత ఉంటది. ముక్కు ఒక్కటే కనవడ్తది. ముక్కుకు చెప్పాల్నా?"

క్లాసంతా పొర్లిపొర్లి నవ్వింది. ఆయనకు కోపం వచ్చింది. నాకు రాలేదు. ఆ పద్ధతితో బాగుపడిన పిల్లవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. గొప్పవాణ్ణని అనుకున్నవాడికి మొదటి ఇంటర్వ్యూలో ఎవరో నువ్వు కాదు అంటారు, దాంతో అయిపోతుంది. తనకు ఫలానాది వచ్చు అని తెలిసినవాణ్ణి అట్లా పడగొట్టడం కష్టం.

కానీ అదే తెలియదు పిల్లలకు. నీకేం వచ్చు అని అడిగితే ఆ మూడు ఊళ్ళలోనూ ఒకటే జవాబు: "ఏం రాదు సార్."

దీనికి దారి చూపింది మా స్టోర్‌కీపర్ యాకూబ్ భాయ్. పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే కిటికీ దగ్గర కూర్చుని అందరినీ గమనించేవాడు. ఒకరోజు నన్నే అన్నాడు.

"సార్, గట్లడిగితె ఎవడు చెప్తడు? ఇంట్ల నిన్ను దేనికి పిలుస్తరు అని అడుగున్రి. మా అమ్మీ నన్ను డబ్బా మూతలు తియ్యనీకె పిలుస్తుండె. గందుకే గీ స్టోరుల ఉన్న."

మర్నాడే క్లాసులో అడిగాను. ఎల్లారెడ్డిపేట నుంచి వచ్చినవాడు, బోరు మోటారు పట్టకపోతే ఊళ్ళో తననే పిలుస్తారన్నాడు. వేములవాడలో లాడ్జి నడిపే ఇంటివాడు, మెట్లెక్కుతున్న భక్తులను చూసి ఒకరోజు ఉంటారో మూడురోజులు ఉంటారో చెప్పేస్తాడట. కోరుట్లలోనే బీడీలు చేసే ఇంటి అమ్మాయి, కొలత రేకు పెట్టకుండా ఆకు కత్తిరిస్తానంది. నమ్మక ఇనుప రేకు ఇచ్చి ఆ ఆకు కొలతే గీయమన్నాను. స్కేలు పెట్టి చూస్తే తేడా లేదు. ఆమె మొహం చూశాను. నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది తనే.

అప్పటినుంచి ప్రతి బ్యాచునూ మొదటివారం ఇదే అడిగాను. మీరూ అడగండి. ఒక్క జాగ్రత్త. జవాబు వచ్చాక దాని పక్కన మీ సొంత భయం పెట్టకండి. నేను పెట్టాను. అది కూడా చెప్తాను.

లావణ్య

సిరిసిల్లలో నా చివరి ఏళ్ళలో ఫిట్టర్ బ్యాచులోకి లావణ్య వచ్చింది. తండ్రి సాంచెలు నడుపుతాడు, తల్లి సాంచెలకు నూలు కండెలు చుడుతుంది. ఇంట్లో నిన్ను దేనికి పిలుస్తారమ్మా అని అడిగితే నిలబడి జవాబు చెప్పింది. గోడ అవతల ఎలక్ట్రీషియన్ క్లాసువాళ్ళు తలుపు తీసి చూశారు.

"మా బాపు మాత్రలేసుకోని పన్నడంటె, సాంచెల కాడ నన్ను గూసోవెడ్తరు సార్! ఏది గడబిడ జేస్తున్నదో చెప్తా!"

నా గల్లీ గొంతు అది. ఎన్నో ఏళ్ళకు విన్నాను. ఒళ్ళు పులకరించింది, వెంటనే సిగ్గేసింది కూడా. ఆ రెండోదే నన్ను తప్పుదారి పట్టించింది.

ఆమె చెప్పింది గొప్ప కాదు, నిజం. ఒకరోజు ఆకురాయి పడుతూ తల కొంచెం పక్కకు వంచి, "సార్, డ్రిల్లింగ్ మిషన్ల ఏదో గీస్కుంటున్నది" అంది. ఆ మెషీన్ గది అవతలి మూల ఉంది. మధ్యలో పదిమంది ఇనుము అరగదీస్తున్నారు. విప్పి చూస్తే పుల్లీ దగ్గర బెల్టు అంచు చీలుతోంది.

ఆ ఏడాది హైదరాబాదు నుంచి ఒక కంపెనీవాళ్ళు మనుషులను ఎంచుకోవడానికి వస్తున్నారని తెలిసింది. ఎంపిక జగిత్యాలలో, నేను మొదట పనిచేసిన ఆ వర్క్‌షాపులోనే. లావణ్యకు ఆ ఉద్యోగం కావాలి. తండ్రికి ఊపిరితిత్తులు బాగాలేవు, చదువు ఇంతటితో ఆపి కండెల దగ్గర కూర్చోమని ఇంట్లో అంటున్నారు. ఈ ఉద్యోగం వస్తే ఆ మాట ఆగుతుంది.

రెండు వారాలు ఆమెను తయారుచేశాను. పనిలో నేర్పడానికి ఏమీ లేదు, గొంతు తగ్గించడమే నేర్పాను. పెద్దవాళ్ళ ముందు ఈ గొంతుతో మాట్లాడితే చెవుల్లో వేళ్ళు పెట్టుకుంటారని నాకు తెలుసు కదా. ఆమె జవాబు చెప్తుంటే నా అరచెయ్యి గాలిలో కిందికి దిగేది.

"ఇంక తగ్గియ్ బిడ్డా. ఇంకింత."

"గింత మెల్లగ మాట్లాడితె నాకు నిద్రొస్తున్నది సార్," అంది ఒకసారి. నేను నవ్వి, చెయ్యి ఇంకాస్త దించాను. ఆ చెయ్యి ఎవరిదో నాకు అప్పుడు తట్టలేదు. నన్ను అవమానించినవాళ్ళ పేర్లన్నీ గుర్తుపెట్టుకున్నాను కానీ, వాళ్ళ అలవాట్లు నాలోకి వచ్చాయేమోనని ఎన్నడూ వెతుక్కోలేదు.

మళ్ళీ ఆ గదిలో

ఎంపిక రోజు ఉదయం బ్యాచులో లావణ్య పేరు ఉంది. తోడు వచ్చిన ఇన్‌స్ట్రక్టర్లను తలుపు దగ్గర నిలబడనిచ్చారు. అదే గది. అదే కిటికీ. ఎండ రెండో బల్ల మీదికి ఇంకా రాలేదు.

కంపెనీ మేడమ్ మర్యాదస్తురాలు. "నీ బలం ఏంటమ్మా?" అని అడిగారు.

"ఏం లేదు మేడమ్. చెప్పింది చేస్త," అంది లావణ్య, నేను నేర్పిన గొంతుతో. మేడమ్ ఏదో రాసుకున్నారు.

తర్వాత పని పరీక్ష. గ్రైండింగ్ మెషీన్‌కు తిరిగే రాయి మీద ఇనుప ముక్కను అరగదీయాలి. లావణ్య తన వంతు పూర్తిచేసి, పక్కకు జరిగి, తల వంచింది. రొమ్ము నిండా ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి తర్వాత ఏం వస్తుందో నాకు తెలుసు. గదంతా దద్దరిల్లుతుంది, అందరూ నవ్వుతారు. నావైపు చూసింది. నా చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

"ఏమైనా చెప్పాలా?" అన్నారు మేడమ్.

"ఏం లేదు మేడమ్."

మధ్యాహ్నం కాగానే ఉదయం బ్యాచులో ఎంపికైనవాళ్ళ కాగితం గోడకు అంటించారు. అందులో ఆమె పేరు లేదు.

సిరిసిల్ల బస్సెక్కాం. పొలాలు నిద్రలో కదిలినట్టు వెనక్కి పోతున్నాయి. ఊరు దాటాక లావణ్య, నేను నేర్పిన మెల్లటి గొంతుతోనే, అంది.

"గ్రైండింగ్ మిషన్ల బేరింగ్ పోతున్నది సార్. చెప్దామనుకున్న. మీరు చెయ్యి దించిన్రు."

నేను నా అరచెయ్యి తిప్పి చూసుకున్నాను. అది ఫోర్‌మన్ చెయ్యి.

"మధ్యాన్నం బ్యాచోళ్ళు దానిమీదనే పనిజేస్తరు గద సార్. రాయి పగిల్తె ఎట్ల?"

నేను ఫోన్ తీసి జగిత్యాల కేంద్రానికి చేశాను. క్లర్కు ఎత్తాడు. "ఎవలు? రాజేశం సారా? ఏం ఇనవడ్తలేదు సార్, జర గట్టిగ మాట్లాడున్రి." మళ్ళీ చెప్పాను. మళ్ళీ వినపడలేదన్నాడు. నా గొంతు అంతకంటే లేవలేదు. లావణ్య నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"అన్నా! గ్రైండింగ్ మిషన్ బందువెట్టున్రి! బేరింగ్ పోతున్నది!"

"ఎవలమ్మా నువ్వు, గట్ల మొత్తుకుంటున్నవ్?" అని అతను ఫోన్ పెట్టేశాడు.

కండక్టర్ వెనక్కి తిరిగాడు. "ఏంది సార్, బిడ్డతోని లొల్లి?"

"లొల్లి గాదన్నా, మేం మాట్లాడుడే గిట్ల!" అంది లావణ్య.

ఆ మాట విన్నాక నేను లేచి బస్సు ఆపించాను. ఏ ఊరో గుర్తులేదు. రోడ్డు పక్కన మొక్కజొన్న కంకులు కాల్చే బండి, దాని మీద పొగ. అవతలివైపు వేములవాడ నుంచి జగిత్యాల మీదుగా ధర్మపురి పోయే బస్సు వస్తే ఎక్కాం. లోపల అందరూ గుండు చేయించుకున్న భక్తులు, తలల మీద చందనం. వరసగా పసుపుపచ్చటి గుండ్లు, ఎవరూ మాట్లాడటం లేదు, సగంమంది కునుకుతున్నారు. వాళ్ళ మధ్య నిలబడి వెళ్తుంటే ఇదంతా నాకు ముందే ఎప్పుడో కలలో జరిగిందనిపించింది. లావణ్య కిటికీ కడ్డీ పట్టుకుని, బస్సు తొందరగా పోవాలన్నట్టు ముందుకు వంగి నిలబడింది.

మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం బ్యాచు పని నడుస్తోంది. గ్రైండింగ్ మెషీన్ తిరుగుతోంది. దాని ముందు ఒకతను ముక్క పట్టుకుని వంగి ఉన్నాడు. లావణ్య తలుపు దగ్గరే ఆగి ఊపిరి తీసుకుంది. నావైపు చూడలేదు.

"అన్నా, పక్కకు జరుగు! మిషన్ బందువెట్టున్రి! బేరింగ్ పోయింది!"

గదిలో చేతులన్నీ ఆగాయి. ఎవరో స్విచ్ కట్టేశారు. రాయి నెమ్మదిస్తూ వచ్చేకొద్దీ, హోరు కింద దాగిన ఆ పొడి చప్పుడు పైకి తేలింది. అప్పుడు అందరికీ వినిపించింది. మేడమ్ బేరింగ్ ఉన్నచోట వేళ్ళు ఆనించి వేడికి చప్పున తీసేశారు.

"పొద్దున నువ్వు దీని మీదే పనిచేశావు కదమ్మా. అప్పుడెందుకు చెప్పలేదు?"

లావణ్య తల దించుకుంది. నా పేరు చెప్పలేదు. తప్పు తన మీద వేసుకోబోతోంది. ఎండ రెండో బల్ల దాటి పోయింది. నేను రొమ్ము నిండా ఊపిరి తీసుకున్నాను. ఎట్లా తీసుకోవాలో ఒళ్ళు మరిచిపోలేదు.

"నేనే ఆపిన మేడమ్!"

పైకప్పు రేకులు మోగాయి.

"గీ పిల్ల చెప్పవోతె నేనే చెయ్యి దించిన! తప్పు నాది! గామెకు సాంచెల చెవి ఉన్నది! ఇరవై మిషన్లల్ల ఏది పాడైతున్నదో నిలవడ్డ కాడికెళ్ళి చెప్తది! నేనే నోరు మూయిచ్చిన!"

"సరే సార్. వినిపించింది," అన్నారు మేడమ్. చెవుల్లో వేళ్ళు పెట్టుకోలేదు. లావణ్యవైపు తిరిగారు. "పొద్దున నీ బలం ఏంటని అడిగాను. ఇప్పుడు చెప్పు."

"మిషన్ పాడుగాకముందే నాకు ఇనవడ్తది మేడమ్!"

"ఎంత దూరం నుంచి?"

"గా బస్సుల కూసోని గూడ ఇనవడ్డది!"

మేడమ్ నవ్వి పేరు మళ్ళీ రాసుకున్నారు. మెషీన్ల మరమ్మతు చూసే విభాగంలో ఆమెను తీసుకున్నట్టు కాగితం రావడానికి నెలకు పైగా పట్టింది. ఆ నెలంతా వాళ్ళింట్లో కండెల మాట నడుస్తూనే ఉంది. కాగితం వచ్చినరోజు లావణ్య మా వాకిట్లో నిలబడి పిలిచిన పిలుపుకు గల్లీలో ఆరు ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి.

సభలో నాలుగో మాట

కొత్తగా చేరినవాళ్ళకు ఒకటే చెప్తాను. పిల్లలకు మంచి చేస్తున్నామనుకుని మనం దించే చెయ్యిని చూసుకోండి. అది మీది కాకపోవచ్చు. మీ పాత ఫోర్‌మన్‌ది కావచ్చు. నేను ఆయనను క్షమించలేదు, మెమోనూ పారేయలేదు. అవి నా సొంత విషయాలు. వాటిని పిల్లల నెత్తిన పెట్టకూడదు, అంతే.

ఇక ఆ వీడ్కోలు సభ. ముగ్గురూ మాట్లాడారని రాశాను. మూడో ఆయన, రాజేశం సార్ గొంతెత్తగా విన్నవాళ్ళు ఈ సభలో ఒక్కరు కూడా ఉండరు అని ఆగాడు, చప్పట్ల కోసం.

చప్పట్ల కంటే ముందు వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. హైదరాబాదు నుంచి సెలవు పెట్టి వచ్చిన లావణ్య లేచి నిలబడింది. మైకు ఆమెకు అక్కర్లేదు.

"నేను విన్న సార్!"

సభంతా వెనక్కి తిరిగింది. పాత అలవాటున నా చెయ్యి గాలిలోకి లేచింది. శాలువా భుజం మీది నుంచి జారి కిందపడింది. ఆ చెయ్యిని దించలేదు. అట్లాగే పైకి పట్టుకున్నాను, ఆమెకు కనపడేటట్టు.